ఎదురు తిప్పిన తిరగలి

నీరజ భర్త హేమచంద్రలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. తాగడు, పేకాడడు, కూరలో ఉప్పెక్కువైతే నోరెత్తకుండా మజ్జిగ కలుపుకుని తినేస్తాడు. ఉన్నదల్లా ఒకటే లోపం. జీవితంలో ఒక్కసారి వీరుడయ్యాడు. అయిన మనిషి అక్కడితో ఊరుకోవచ్చు కదా? పద్నాలుగు నెలలుగా ఆ వీరత్వానికి ఒక్కరోజు సెలవివ్వలేదు.

ఒడిశాలోని బరంపురం గేట్ బజార్‌లో వాళ్లది బట్టల కొట్టు. కొనడానికి వచ్చినవాళ్లకి గుడ్డ తాను పరిచి కొలుస్తూ కథ మొదలుపెడతాడు. మోటారుసైకిలు రావడం మొదటి మీటరు. గొలుసు లాగడం రెండో మీటరు. బండి గోనెసంచుల మీద జారిపడి, ఒకడు పారిపోయి రెండోవాడు దొరికిపోవడం మూడో మీటరు. తర్వాత కొలబద్ద పక్కన పెట్టి, కుడిచెయ్యి గాల్లోకి లేపి, ఎదురుగా లేని మనిషి ఎడమ చెవి మీద "ఫెడీమని ఒక్కటిచ్చేను!" అంటాడు. ఆ మాటతోనే గుడ్డ పర్‌మని చింపుతాడు. చిరిగిన చప్పుడుకి కొనేవాళ్లు ఉలిక్కిపడతారు. అంత బాగా చింపడం బజారులో ఇంకెవరికీ చేతకాదు.

ఈ కథలో నీరజది ఒక్క వాక్యం. "మా ఇంటావిడ మెళ్లో గొలుసు లాగీసేరు." అంతే. ఆ తర్వాత ఆమె ఏమైందో కథ పట్టించుకోదు.

ఏమైందో నీరజకి తెలుసు. గొలుసు ఒక పట్టాన తెగలేదు. దానితోపాటు ఆమె నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. కుడి భుజం ఎముక విరిగిన చప్పుడు ఆమెకి వినబడలేదు. నిజానికి ఆ తర్వాత ఏ చప్పుడూ వినబడలేదు. "చోరొ, చోరొ" అని బజారంతా అరుస్తూనే ఉంది, కానీ ఆ అరుపులు ఎక్కడో నీటి పైన ఉన్నాయి. ఆమె అడుగున ఉంది. చెంప కింద రోడ్డు చల్లగా తగిలింది. కళ్ల ముందు పాదాలు చేపల్లా గుంపులుగా అటూ ఇటూ ఈదుతున్నాయి. వాటిలో ఒక గోధుమరంగు చెప్పు ఆమె ముఖం దాకా వచ్చి ఆగింది. తెగిన పట్టీకి తెల్లదారంతో కుట్టు ఉంది. ఆ కుట్టు వేయించింది ఆమే. హమ్మయ్య, వచ్చారు అనుకుంది. చెప్పు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె మీంచి దాటి వెళ్లిపోయింది.

ఆమెని లేపి ఒళ్లో పడుకోబెట్టుకున్నది ఎదురుగా అరటిపళ్లు అమ్ముకునే అమ్మణ్ణి. ఆ ఒళ్లో పండిన అరటి వాసన. భుజం కన్నా ఆ వాసనే ఇప్పటికీ ముందు గుర్తొస్తుంది. చెప్పు సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

*

కట్టు విప్పాక వ్యాయామాలు చేయించడానికి వచ్చిన రాఘవేంద్ర, ఇంట్లో చక్రంలా తిప్పేది ఏదైనా ఉంటే రోజూ అరగంట తిప్పమన్నాడు. పెరటి వసారాలో అత్తగారి తిరగలి ఉంది. నీరజ పిడి పట్టుకుంది. మామూలుగా తిప్పే వైపు తిప్పితే భుజంలో కత్తి దిగినట్టుంది. ఎదురు వైపైతే ఎలాగోలా తిరుగుతోంది. అందుకని ఎదురే తిప్పింది.

అత్తగారు వాసవీకుమారి పూజ ముగించుకుని వచ్చి చూసింది. డెబ్భై ఎనిమిదేళ్ల కళ్లు ఒక్కసారిగా వెలిగాయి.

"ఎదురు తిప్పుతన్నావేటే?"

"ఇటే తిరుగుతోందత్తా."

"మంచి పని సేసేవు! నాకు తట్టనేలేదు సూడు. మా అమ్మమ్మ కాలంలో ఇంట్లో దొంగ పడితే ఇంతే సేసీవోరు. తిరగలి ఎదురు తిప్పితే దొంగ తల తిరుగుతాది. ఆడొచ్చి కాళ్ల మీద పడి తప్పని ఒప్పుకునేవరకూ ఆపకూడదు. తిప్పు, తిప్పు."

నీరజ బి.ఏ. చదివింది. అది వ్యాయామం అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసేసింది. అత్తగారి ముఖంలో అంత సంతోషం చూసి చాలా ఏళ్లయింది మరి. నాలుగోరోజున, ఎవరూ చూడకుండా, తిరగలి కంట్లో ఏడు ఆవగింజలు కూడా వేసింది. వేసింది తనేనని తనకే నమ్మకం కలగలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఒక రకంగా మారిపోయాయి. అన్నాలయ్యాక ఇల్లంతా మాగన్నుగా ఉంటుంది. ఖాళీ తిరగలి గర్రుగర్రుమంటూ ఉంటే ఆ చప్పుడు కాసేపటికి రాయి చప్పుడులా ఉండదు, దూరాన సముద్రంలా ఉంటుంది. నీరజకి చెయ్యి తిరుగుతూ ఉండగానే కళ్లు మూతలు పడేవి. మార్కండి తీరం నుంచి సముద్రం లేచి, ఛత్రపురం రోడ్డు పట్టుకుని, బస్సులకి దారిస్తూ, మర్యాదగా గేట్ బజార్ దాకా నడిచొచ్చేది. కొట్ల ముందు తడి ఇసక పరుచుకునేది. ఆ ఇసక మీద ఒక కుర్రవాడు తన చుట్టూ తనే తిరుగుతూ ఉండేవాడు. అతని ముఖం ఆమెకి తెలియదు, వీపే తెలుసు. వాడిని తిప్పుతున్నది తన చెయ్యే. ఒక్కో చుట్టుకి భుజంలో ఏదో కొంచెం వదులయ్యేది. మెలకువ వచ్చేసరికి పెదవుల మీద చిన్న నవ్వుండేది. దానికి ఆమె కాస్త సిగ్గుపడేది. మర్నాడు మళ్లీ పిడి పట్టుకునేది.

తిరగలి సంగతి వాసవీకుమారి కొడుక్కి చెప్పింది. కొడుకు దాన్ని కథలో నాలుగో మీటరుగా కలిపాడు. పెళ్లిబట్టలకి మార్కండి నుంచి వచ్చే జాలరి ఆడవాళ్లు బట్టలతోపాటు ఆ కబురూ మూటగట్టుకుని వెళ్లారు. దొరికిన కుర్రవాడు అమిత్‌ది ఆ ఊరే. అప్పటికి బెయిలు మీద ఇంటికొచ్చి ఉన్నాడు.

*

సాక్ష్యానికి రమ్మని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. "నువ్వేం భయపడకు, ఏటి సెప్పాలో నేను రాసిస్తాను" అన్నాడు హేమచంద్ర. నీరజ తలూపింది. మర్నాడు ఆటో ఎక్కి, పైసా తీసుకోకుండా న్యాయ సలహా ఇచ్చే కార్యాలయానికి ఒక్కతే వెళ్లింది. అక్కడ సాయిపద్మ అనే లాయరమ్మాయి ఉంది. నీరజకి కూతురంత వయసుంటుంది.

"మీ ఫిర్యాదు కాపీ ఉందా?"

"నా దగ్గరెందుకుంటుందమ్మా?"

"మీ ఫిర్యాదు కాబట్టి. అది మీకు అప్పుడే ఉచితంగా ఇవ్వాలి. కేసు ఎంతవరకు వచ్చిందో మీరడక్కుండానే చెప్పాలి. బాధితురాలు మీరు కదా."

"ఆ మాట మా ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు" అంది నీరజ.

సాయిపద్మ నవ్వి, వారం తిరక్కుండా కాపీ తెప్పించింది. ఒడియాలో ఉంది. కింద ఎడమచేత్తో పెట్టిన నీరజ సంతకం, పురుగు పాకినట్టు. రెండు పేజీలలో నీరజకి జరిగింది మూడు పంక్తులు. మిగతాదంతా హేమచంద్ర పరుగు. చివర్లో రెండు వాక్యాల దగ్గర ఆమె వేలు ఆగింది. "నిందితుడు పారిపోతూ పడి దెబ్బలు తగిలించుకున్నాడు." "నా భర్త వెంటనే వచ్చి నన్ను లేవదీశాడు."

"ఇది నేను చెప్పలేదు" అంది నీరజ. "అప్పుడు ఆసుపత్రిలో నొప్పికి ఒళ్లు తెలీదు. ఎవరో కాగితం పెట్టారు, సంతకం చేశాను."

"అయితే మీకు జరిగిందేదో కోర్టులో మీరే చెప్పండి" అంది సాయిపద్మ. "మీ వారు రాసిచ్చింది కాదు."

నీరజ ఇంటికొచ్చి కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ ఇంట్లో మగవాళ్ల చెయ్యి పడని చోటు అదొక్కటే. చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చెబితే మొగుడు అబద్ధాలకోరవుతాడు. చెప్పకపోతే తను ఇంకోసారి రోడ్డు మీద పడి ఉంటుంది, ఈసారి తన నోటితోనే.

*

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, తిరగలి తిరుగుతూ, సముద్రం కొట్టుదాకా వచ్చి ఆగి ఉండగా, పెరటి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. నీరజకి అది కలలో మనిషో బయటి మనిషో ఒక్క నిమిషం తెలియలేదు.

"ఎవలమ్మా?" అంది వాసవీకుమారి.

"మార్కండి నుంచొచ్చేనమ్మా. కాసమ్మంతారు. అమిత్‌గాడి తల్లిని."

తిరగలి ఆగింది.

"దొంగ తల్లివా? దొడ్డితోవనే వచ్చేవు. మీ ఇంటి అలవాటేటి?"

"ముందు తోవనొస్తే తలుపు తియ్యరుగదమ్మా" అంది కాసమ్మ. కోపం లేదు, అబద్ధమూ లేదు ఆ గొంతులో. నీరజ వైపు తిరిగి, వంకరగా ఉన్న భుజం కేసి చాలాసేపు చూసింది. "నీ గొలుసు లాగినోడు నా కొడుకే తల్లీ. పడవ పని ఒగ్గీసి, ఆ పనికిమాలినోడి బండెక్కినాడు. తప్పే. జైల్లో ఏస్తే నాను ఏడుస్తాను గానీ వొద్దనను. ఈ తిరగలి మాత్రం ఆపండమ్మా."

"ఆడొచ్చి తప్పని సెప్పమను, ఆపుతాం" అంది వాసవీకుమారి, మహారాణిలా పీట సవరించుకుంటూ.

"నిలబడగలిగితే గదమ్మా రావడానికి! లేస్తే తల గిర్రున తిరిగిపోతాది. పడవలోంచి రెండుమార్లు పడిపోనాడు. శాపం తగిలినోణ్ని మా పడవెక్కించుకోం, పొమ్మని అందరూ ఒగ్గీసినారు. ఇసకలో కూకుని సముద్రం కాసి సూస్తాడు, అంతే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కోర్టోరు ఏసే శిక్షకి ఓ గడువుంటాది. ఇన్నేళ్లని సెప్తారు, అయ్యేక ఇంటికి పంపిస్తారు. మీ తిరగలికి ఎన్నేళ్లమ్మా?"

తిరగలికి గడువు సంగతి వాసవీకుమారికి వాళ్ల అమ్మమ్మ చెప్పి ఉండలేదు.

కలలో ఇసక మీద తిరిగే కుర్రవాడికి తల్లి ఉంటుందని, ఆమె బస్సెక్కి వస్తుందని నీరజ ఎన్నడూ అనుకోలేదు. "ఎప్పట్నుంచి అలా?" అంది.

"ఆడు దొరికిపోయిన దినం నుంచే. ముందు సెవిలో హోరన్నాడు. తరవాత సీము కారింది."

"ఏ చెవి?"

"ఎడమ సెవి."

నీరజ కళ్ల ముందు ఒక కుడిచెయ్యి గాల్లోకి లేచింది. ఎదురుగా లేని మనిషి ఎడమ చెవి మీద దిగింది. వందసార్లు చూసిన చెయ్యి. ఎటునుంచి ఎటు పడుతుందో ఎన్నడూ గమనించలేదు.

"కాసమ్మా, ఇది శాపం కాదు. ఇది నా భుజానికి వ్యాయామం. చెవి డాక్టరుకి చూపించు."

అత్తగారూ కాసమ్మా ఆమె కేసి జాలిగా చూశారు. ఆ ఒక్క విషయంలో వాళ్లిద్దరిదీ ఒకటే మాట.

"డాక్టరు కాడికి ఎల్తానమ్మా, నువ్వు ఎల్లమంటే. ముందు ఆ తిప్పిందంతా ఎనక్కి తిప్పీ."

"ఎన్ని చుట్లు తిప్పాలి?" అని నీరజ అత్తగారిని అడిగింది.

వాసవీకుమారి కప్పు కేసి చూసి అప్పటికప్పుడు శాస్త్రం కల్పించింది. "ఇరవయ్యొకటి సాలు."

నీరజ పిడి పట్టుకుని మామూలు వైపు తిప్పింది. మొదటి చుట్టుకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయిదో చుట్టుకి పెదవి కొరుక్కుంది. తొమ్మిదో చుట్టు సగంలో ఆగిపోయింది. కాసమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఎదురుగా కూర్చుని, ఉప్పునీళ్లకి గరుకెక్కిన చెయ్యి పిడి మీద, నీరజ చెయ్యి పక్కన వేసింది. తిరగలి కదిలింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఏ పప్పూ లేని రాయిని కలిసి విసిరారు. సముద్రం చప్పుడు మళ్లీ వచ్చింది, కానీ ఈసారి వెనక్కి పోతున్నట్టుగా, గేట్ బజార్ నుంచి ఛత్రపురం మీదుగా, వచ్చిన దారినే. చివరి చుట్టు అయ్యాక రాతి సందులోంచి నలిగిన ఆవపొడి ఇంత రాలింది.

వాసవీకుమారి దాన్ని చూసింది. "ఆవాలెవరేసేరే?"

నీరజ కొంగు సర్దుకుంది.

*

సాక్ష్యానికి ముందురోజు కాసమ్మ ఫోను చేసింది. "డాక్టరు సూసినాడమ్మా. సెవిలో పొర సిరిగిపోనాదట. గట్టి దెబ్బ తగిలితే అలగవుతాదన్నాడు. మందులిచ్చినాడు. మానకపోతే కుట్టాలట."

చిరిగిపోయింది. నీరజ చెవిలో పర్‌మని గుడ్డ చప్పుడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బియ్యం డబ్బాలోంచి కాగితం తీసుకొచ్చింది. హేమచంద్ర తాను రాసిన కాగితం జేబులోంచి తీశాడు. రెండూ చారు గిన్నెకి చెరో పక్కా ఉన్నాయి.

"రేపు నేను చెప్పేది ముందు మీరు వినాలి" అంది నీరజ. "గొలుసు లాగింది అమితే. నా భుజం విరిగింది వాడి వల్లే. అది తగ్గించి చెప్పను. వాడు పడి దెబ్బలు తగిలించుకోలేదు, మీరు కొట్టారు. వాడి చెవి పోయింది. నన్ను లేపింది మీరు కాదు, అమ్మణ్ణి. ఇదీ నేను చెప్పేది."

హేమచంద్ర చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మొగుడి మీద సాక్ష్యం సెప్తావా?"

"నా గురించి సాక్ష్యం చెప్తున్నాను. మధ్యలో మీరొస్తున్నారు."

"దొంగని కొట్టడం తప్పేటే?" అంది వాసవీకుమారి. కానీ ఆ గొంతులో మునుపటి బిగువు లేదు. దొంగ తల తిప్పింది తన తిరగలి కాదని తెలిసి ఆమె పొద్దుటి నుంచీ చిన్నబోయి ఉంది.

"నీ కోసమే కొట్టేను!" అన్నాడు హేమచంద్ర. "నీకు అన్నేయం సేసినోణ్ని ఒగ్గీమంటావా?"

"నా కోసమైతే ముందు నన్ను లేపాలి కదండీ."

హేమచంద్ర తను రాసిన కాగితం ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"మీ చెప్పు నా ముఖం దగ్గర ఆగింది" అంది నీరజ, కలలో మాట్లాడినట్టు మెల్లగా. "తెల్లదారం కుట్టు చూశాను. మీరే అనుకున్నాను. తర్వాత నా మీంచి దాటి వెళ్లారు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అదే చెప్పు వస్తోంది, ఆగుతోంది, వెళ్తోంది. నేను ఏడాదిపాటు వాడి మీద తిరగలి తిప్పాను. ఎవరి మీద తిప్పుతున్నానో నాకే తెలీలేదు."

హేమచంద్ర మజ్జిగ కలుపుకోకుండానే లేచిపోయాడు. పెళ్లయ్యాక అది మొదటిసారి.

*

మర్నాడు కొట్టు దగ్గర కలుసుకుని అక్కడి నుంచి కోర్టుకి వెళ్లాలని ముందే అనుకున్నారు. ఆమె వస్తుందో రాదో అతనికి తెలియదు, అతను తోడొస్తాడో లేదో ఆమెకి తెలియదు. నీరజ ఆటో దిగేసరికి గేట్ బజార్ అప్పుడే నిద్ర లేస్తోంది. రాత్రి వానకి రోడ్డు తడిసి, కొట్ల బోర్డులన్నీ తలకిందులుగా నీళ్లలో తేలుతున్నాయి. అమ్మణ్ణి అరటిగెలలు సర్దుతూ చెయ్యూపింది. కొట్టు మెట్టు మీద గోధుమరంగు చెప్పులు విడిచి ఉన్నాయి.

లోపల కొడల ఊరి నుంచి వచ్చిన పెళ్లివాళ్లు. వాళ్ల పెద్ద దాలయ్య పాత ఖాతాదారు.

"హేమచంద్రబాబూ, ఆ దొంగ కత ఒకపాలి సెప్పండి. మావోళ్లు ఇనలేదు."

హేమచంద్ర మెట్టు కింద నిలబడ్డ నీరజని చూశాడు. పక్కన స్టూలు మీద కూర్చోమని సైగ చేయబోయి మానేశాడు. చేతిలో గుడ్డ తాను ఉంది. అలవాటు పడిన చేతులు వాటంతట అవే కొలవడం మొదలుపెట్టాయి. బండి వచ్చింది. గొలుసు లాగారు. గోనెసంచుల మీద పడ్డారు. మూడో మీటరు దగ్గర కత్తెరతో అంచు కొంచెం కత్తిరించి, కొలబద్ద పక్కన పెట్టి, కుడిచెయ్యి పైకెత్తాడు. పెళ్లివాళ్ల పిల్లలు ముందే చెవులు మూసుకున్నారు.

చెయ్యి గాల్లో ఉండిపోయింది.

నీరజకి బజారు చప్పుళ్లన్నీ నీటి పైకి వెళ్లిపోయినట్టయింది. అందరి పాదాలూ ఆగి ఉన్నాయి. అతని చెయ్యి దేన్నో వెతుక్కుంటున్నట్టు మెల్లగా కిందికి దిగి, చింపని గుడ్డ మీద వాలింది.

"అప్పుడు మా ఇంటావిడ" అన్నాడు హేమచంద్ర. కథలో ఆ చోట ఎన్నడూ లేని మాట. గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటావిడ అదిగో, అక్కడ, రోడ్డు మీద పడుంది. నన్ను సూసింది. నేనూ సూసేను. సూసి కూడా దాటి ఎల్లిపోయేను. ఆ గుంటడు అప్పటికే సేతులు జోడించీసేడు. జనం సూస్తన్నారని కొట్టేను."

దాలయ్య తలపాగా సర్దుకున్నాడు. హేమచంద్ర బల్ల చుట్టూ తిరిగి గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులు తొడుక్కోలేదు. వట్టి కాళ్లతో మెట్టు దిగి, తడి రోడ్డు మీద నీరజ ఎదురుగా నిలబడి, ఎదురుగా అరటిపళ్ల అమ్మణ్ణికి కూడా వినబడేలా అన్నాడు.

"తప్పు నాదే నీరజా. కోర్టులో నువ్వు సెప్పేక, అడిగితే నేనూ ఇదే సెప్తాను."